రాజీనామా చేశాక వచ్చిన జీతం

ఆఫీసుల్లో ‘రికవరీ’ అనే మాటను చాలా తేలిగ్గా వాడతారు. ఫలానా మనిషికి పొరపాటున జీతం ఎక్కువ పోయింది, రికవరీ పెట్టండి అంటారు. పెట్టడమంటే ఒక నోటీసు, ఒక గడువు, గడువు దాటితే కోత. కొత్తగా అకౌంట్స్ సెక్షన్లో చేరిన పిల్లలు నా దగ్గరికి వచ్చి అడిగేవి కూడా అవే. నోటీసు నమూనా ఉందా మేడం, వచ్చిన డబ్బు ఏ పద్దులో జమ చెయ్యాలి అంటారు. అవి నేర్చుకోవడానికి రెండు పూటలు చాలు. పక్క సీటులో ఉన్నవాళ్ళే నేర్పుతారు.

నేను రాయాలనుకున్నది వేరు. ప్రభుత్వం పొరపాటున ఇచ్చిన డబ్బును వెనక్కి తేవడం న్యాయమైన పనే. అది జనం డబ్బు. కానీ మనం పంపిన కాగితం అవతల ఇంట్లో ఏం చేస్తుందో మనకు తెలియదు. చిత్తూరు, పుత్తూరు, తిరుపతి ఆఫీసుల్లో నా ఉద్యోగమంతా లెక్కల సెక్షన్లోనే గడిచింది. సూపరింటెండెంటుగా రిటైరై ఇప్పుడు చంద్రగిరిలో ఉంటున్నాను. ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకు బాగా అర్థమయ్యేలా చేసింది ఒక్క కేసు. శాఖ పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను.

ముందు ఒక డ్రైవరు సంగతి

అసలు కేసుకు ముందు చిన్నది ఒకటి చెప్పాలి. నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో మా ఆఫీసు డ్రైవరు ఒకాయన రిటైరయ్యాడు. పింఛను కాగితాలు సిద్ధం చేస్తుంటే, ఎన్నో ఏళ్ళ కిందట ఆయనకు ఒక ఇంక్రిమెంటు రెండుసార్లు పడినట్టు తేలింది. అప్పటి ఆఫీసరు ఆ మొత్తాన్నంతా గ్రాట్యుటీలో ఒక్కసారే కోసేశాడు. డ్రైవరు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“నేనడిగినానా మేడం?” అన్నాడు. “మీరే ఇస్తిరి. ఇచ్చినంత తీసుకుంటి. ఎక్కువ ఇస్తా ఉండారని నాకెట్ల తెలుస్తాది?”

కింది స్థాయి ఉద్యోగుల దగ్గర, రిటైరైనవాళ్ళ దగ్గర, వాళ్ళ తప్పు లేకుండా పడిన డబ్బును అలా లాక్కోవడం కుదరదని తర్వాత పై కోర్టు చెప్పింది. అది ఆయనకు ఉపయోగపడలేదు. అప్పటికే ఆయన లేడు. ఆ డబ్బు ఎందుకు పడింది, ఎవరి వల్ల పడింది అని అడగకుండా, ఎవరి దగ్గర తేలిగ్గా దొరుకుతుందో అక్కడ కొయ్యడం మన ఆఫీసుల పాత అలవాటు. కుర్చీలో కూర్చున్న మొదటి రోజే ఈ అలవాటును గుర్తు పట్టండి.

ఆడిట్‌లో దొరికిన పేరు

నేను సూపరింటెండెంటునై తిరుపతి ఆఫీసుకు బదిలీ మీద వచ్చిన కొద్ది రోజులకే ఆడిట్ వాళ్ళు వచ్చారు. మా ఆఫీసు కింద ఒక ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. అక్కడివాళ్ళ జీతాల బిల్లులు మా దగ్గరే తయారయ్యేవి. ఆ ఆస్పత్రిలో ఎస్తేరు అనే ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిన తర్వాత కూడా చాలా నెలలు ఆమె అకౌంటులో జీతం పడుతూనే వచ్చింది.

ఇదెలా జరుగుతుందని బయటివాళ్ళు ఆశ్చర్యపోతారు. మాకు ఆశ్చర్యం లేదు. పోయిన నెల బిల్లునే ఈ నెలకు తెచ్చుకుని, మార్పులుంటే చేసి, ట్రెజరీకి పంపుతారు. పేరు తీసేవాళ్ళు తియ్యకపోతే ఆ పేరు అలాగే ఉండిపోతుంది. ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి అప్పటికి ఇంకా రాలేదు. ఆస్పత్రి నుంచి హాజరు వివరాలు వచ్చేలోపే బిల్లు వెళ్ళిపోయేది.

రాజీనామా మా ఆఫీసుకు సకాలంలోనే అందింది. కానీ దాని మీద ఉన్న సంతకం సర్వీసు రిజిస్టరులోని సంతకంతో కలవలేదని మా గుమాస్తా దాన్ని పక్కన పెట్టాడు. ఆమే స్వయంగా వచ్చి సంతకం పెట్టాలని రాసుకున్నాడు. ఆమె రాలేదు. కాగితం అక్కడే ఉండిపోయింది, జీతం పడుతూనే ఉంది.

ఆడిట్ వాళ్ళు ఎత్తి చూపగానే మా జిల్లా అధికారి రాజశేఖర్ సార్ వెంటనే నోటీసు పంపమన్నారు. నేను ఆ సీట్లో పూర్తిగా కుదురుకోకముందే అది వెళ్ళిపోయింది. సర్వీసు రిజిస్టరులో ఏ అడ్రసుంటే ఆ అడ్రసుకు. అంటే ఆమె అత్తగారింటికి.

అడ్రసు కోసం వచ్చిన మనిషి

ఆ వారంలోనే ఆమె భర్త జయపాల్ నోటీసు పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. కూర్చోమన్నాకే కూర్చున్నాడు.

“గవర్నమెంటు డబ్బు ఉంచుకోవడం తప్పు కదా మేడం,” అన్నాడు. “కట్టించే పూచీ నాది. మీరు ఆమె ఇప్పటి అడ్రసు ఇస్తే చాలు.”

“మా దగ్గర ఉన్నది మీ ఇంటి అడ్రసే. ఆమె మీ దగ్గర లేరా?” అని అడిగాను.

“చిన్న మాట పట్టింపు మేడం. పాపను తీసుకుని పోయింది. చిత్తూరులో వాళ్ళమ్మోళ్ళింటికీ పోయి చూసినా. ఆడ లేదు. రాజీనామా పోస్టులో వచ్చింటే కవరు మీద ముద్ర ఉంటాది కదా. ఒకసారి ఆ కవరు చూపిస్తారా?”

ఆ ఫైలు నా దగ్గర లేదని చెప్పాను. నిజంగానే అది వేరే సెక్షన్లో ఉంది. అతను నవ్వి, నమస్కారం పెట్టి, నేరుగా సార్ గదిలోకి వెళ్ళాడు.

అతను వెళ్ళాక నేను చాలాసేపు అదే ఆలోచించాను. డబ్బు కట్టిస్తానని వచ్చిన మనిషి ఎంత కట్టాలి అని అడగలేదు. ఎప్పటిలోగా కట్టాలి అని అడగలేదు. ఆమె బాగుందా, మీకేమైనా తెలుసా అని కూడా అడగలేదు. అడిగిందల్లా అడ్రసు. అందుకోసం కవరు మీది తపాలా ముద్ర దాకా ఆలోచించి వచ్చాడు.

సాయంత్రం సార్ నన్ను పిలిచారు. “మంచి మనిషి మేడం. మర్యాదస్తుడు. తానే కట్టిస్తానంటాడు. ఆమె ఎక్కడుందో ఆస్పత్రిలో కనుక్కోండి, అడ్రసు అతనికి ఇవ్వండి. మనకు పని తేలికవుతాది,” అన్నారు.

భాగ్యమ్మ

హాజరు వివరాల కోసం నేను ఆస్పత్రికి వెళ్ళాను. పని ముగించుకుని గేటు దాటుతుంటే ఒక ఆయా నా వెనకే వచ్చింది. పేరు భాగ్యమ్మ. ఎస్తేరుతో కలిసి ల్యాబులో చాలా ఏళ్ళు పని చేసిందట.

“మేడం, ఆ పిల్ల మింద కేసు పెడతారా?” అని అడిగింది.

“కేసు కాదమ్మా. ఆమెకు జీతం పొరపాటున పడింది. వెనక్కి కట్టమని అడుగుతున్నాం.”

“జీతమా? ఆ పిల్లకా?” భాగ్యమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “జీతం పడేదుంటే ఆయమ్మ అట్ల బతకాల్సిన పనేముండాది మేడం?”

పక్కనే టీ బంకు ముందు బల్ల మీద కూర్చున్నాం. ఆమె చెప్పింది ఇది. ఎస్తేరు ఒక రోజు కుడి మణికట్టు వాచిపోయి డ్యూటీకి వచ్చింది. బాత్రూంలో జారిపడ్డానంది. అంతకుముందు కూడా అలాగే చాలాసార్లు జారిపడింది.

“మా ఆస్పత్రిలో సూపించుకుందాం రామ్మా అంటే రాలేదు. ఆ పిల్ల మొగుని సావాసగాళ్ళు ఈడ శానా మంది ఉండారు. ఎముకకు కట్టు కట్టించేదానికి పుత్తూరికి నేనే పిల్చుకోని పోతి. ఎట్ల ఇరిగిందని ఆడ అడిగితే నోరు తెరవలేదు. కట్టు కట్టించుకున్నాక ఒక పేపరు అడిగి, ఎడం చేత్తో రాజీనామా రాసి నా సేతికిచ్చింది. ఇంగ ఇంటికి పోలేదు మేడం. పాపను ఎంటబెట్టుకోనే వచ్చినాది. ఆన్నించి అట్లే బస్సెక్కేసింది.”

మా గుమాస్తాను తిట్టడానికి లేదు. సంతకాలు సరిపోల్చడం అతని పనే. అయితే సంతకం ఎందుకు కలవలేదని ఆ కాగితం తెచ్చిచ్చిన మనిషిని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఆ మనిషి ఈ భాగ్యమ్మే, అదే ఆస్పత్రిలో ఉంది.

ఎస్తేరు ఫోన్ నంబరు ఇవ్వమని భాగ్యమ్మను అడిగాను.

“ఇయ్యను మేడం. తప్పుగా అనుకోవద్దండి. ముందు ఆ పిల్లనడుగుతా. రమ్మంటే నేనే మీకు సెప్తా,” అంది.

కొన్ని రోజుల తర్వాత భాగ్యమ్మ ఫోన్ చేసింది. ఎస్తేరు రమ్మందట.

పులికాట్ గట్టున

సూళ్ళూరుపేట దాకా బస్సులో, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో వెళ్ళాను. ఆఫీసులో సెలవు పెట్టాను. అధికారికంగా వెళ్తే ఎక్కడికి వెళ్ళానో టూర్ డైరీలో రాయాలి, అది అందరి చేతుల్లోకీ పోతుంది. అందుకే సెలవు.

పులికాట్ సరస్సు పక్క ఊళ్ళలో రొయ్యల చెరువులు ఎక్కువ. చెరువుల నీళ్ళనూ రొయ్య పిల్లలనూ పరీక్ష చేసే ప్రైవేటు ల్యాబులు అక్కడక్కడా ఉన్నాయి. అలాంటి ఒక షట్టరు గదిలో ఎస్తేరు పని చేస్తోంది. బయట రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకుని కూర్చుని ఉన్నారు. లోపల ఆమె మైక్రోస్కోపు దగ్గర ఉంది. ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయి, మనిషి సన్నగా ఉంది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర కొంచెం పక్కకు తిరిగి ఉంది. స్క్రూ తిప్పడానికి ఎడం చెయ్యి వాడుతోంది.

“కూర్చోండి మేడం. నీసు వాసన వస్తాది, ఏమనుకోవద్దు,” అంది. సీసాలు తెచ్చిన రైతులను మధ్యాహ్నం రమ్మని పంపేసింది.

నేను నోటీసు సంగతి చెప్పాను. ఆమె మొదట నమ్మలేదు.

“రాజీనామా ఇచ్చినాక జీతం ఎట్ల పడతాది మేడం?”

“పడింది. మా ఆఫీసు పొరపాటు. ఆ అకౌంటు కార్డు మీ దగ్గరుందా?”

“పెండ్లైనకాణ్ణించి కార్డు ఆయన దగ్గరే ఉండేది. బ్యాంకులో ఇచ్చిన ఫోన్ నంబరు గూడా ఆయన్దే. మెసేజులన్నీ ఆయనకే పోతాయి. ఆ అకౌంటులో నా డబ్బు ఉందనే మాటే నేను మర్చిపోయి శానా రోజులైంది.”

అంతలో ఆమెకు అర్థమైంది. బల్ల మీది స్లయిడ్లను ఒకదాని పక్కన ఒకటి పేర్చుతూ కూర్చుంది. తర్వాత నా వైపు చూడకుండానే అడిగింది.

“ఈడికొచ్చిన కొత్తల్లో ఈ పని దొరకలేదు మేడం. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతి. చెయ్యి పట్టు రాలేదు. ఇంత తక్కువ చేస్తే కూలి ఎట్లిచ్చేది అని వాళ్ళు సగమే ఇచ్చేవాళ్ళు. పాపకు పాలు కొనేదానికి లేక గంజి తాగించినా. ఆ నెలలు గూడా నా జీతం పడతా ఉండిందా?”

“పడింది,” అన్నాను.

“ఆయన తీసుకుంటా ఉండినాడా?”

“ఎవరు తీశారో నాకు తెలియదమ్మా. బ్యాంకు చెప్పాలి.”

ఆమె తల ఊపింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఆఫీసు పద్ధతులు తెలిసిన మనిషి కాబట్టి, తర్వాత అడిగిన ప్రశ్న సూటిగా అడిగింది.

“నాకు కొత్త నోటీసు ఇస్తే దాంట్లో ఈ అడ్రసు రాస్తారు కదా? కాపీ ఆస్పత్రికి పోతాది కదా?”

“మామూలుగా అయితే పోతుంది.”

“అట్లయితే ఈడ గూడా ఉండేదానికి లేదు మేడం. పాప ఇప్పుడిప్పుడే ఈ స్కూల్లో నలుగురితో మాట్లాడతా ఉండాది. మళ్ళీ ఇంకో ఊరు సూసుకోవాల.” ఆ మాట కోపంగా అనలేదు. రేపు మార్కెట్‌కు పోవాలి అన్నట్టు అంది. అది నాకు ఇంకా కష్టంగా తోచింది.

చిత్తూరులో పని చేసేటప్పుడు నాకు ఒక వకీలమ్మ తెలుసు. కోర్టులో పేదవాళ్ళ కేసులు ఫీజు తీసుకోకుండా చూసేది. అక్కణ్ణుంచే ఆమెకు ఫోన్ చేశాను. అంతా విని ఆమె చెప్పింది: ఎస్తేరు తన తరఫున వకీలును పెట్టుకోవచ్చు. నోటీసులు వకీలు ఆఫీసుకే పంపమని రాసివ్వవచ్చు. అప్పుడు ఆమె ఎక్కడుంటుందో ఫైల్లో ఎక్కడా రాయక్కర్లేదు. అంతా చట్టప్రకారమే.

ఇన్నేళ్ళ సర్వీసులో నాకు తెలియని సంగతి అది. చాలామంది ఆఫీసర్లకు ఇప్పటికీ తెలియదు. ఆ పూటే ఎస్తేరు సూళ్ళూరుపేట బ్యాంకు శాఖకు వెళ్ళి తన అకౌంటు స్టేట్‌మెంటు తీసుకుని, పాత కార్డు పని చెయ్యకుండా ఆపించింది.

సార్‌తో మాట

నేను తిరిగి వచ్చేసరికి రాజశేఖర్ సార్ వేరే దారి సిద్ధం చేసి పెట్టుకున్నారు. ఎస్తేరు పింఛను ఖాతాలో ఆమె ఇన్నేళ్ళు కట్టుకున్న సొమ్ము ఉంది. రాజీనామా చేసినవాళ్ళకు అది తిరిగి రావాలి. ఆ సొమ్ములోంచి ఈ జీతం మొత్తాన్ని మినహాయించుకుంటే ఆడిట్ అభ్యంతరం ఒక్క రోజులో పోతుంది. ఈ సలహా ఇచ్చింది జయపాలేనని తర్వాత తెలిసింది.

ఆమెను విచారించకుండా మినహాయింపు కూడదని నేను ఫైల్లో రాశాను. సార్ పిలిచారు.

“సుందరవల్లి గారూ, ఈ వారం ముగిసిపోయే ఫైలు ఇది. మీరు మళ్ళీ మొదలు పెడతా ఉన్నారు.”

“ఆమెను అడగకుండా కోస్తే రేపు నిలబడదు సార్.”

“ఆమె అకౌంటులో పడింది. ఆమే కట్టాల. రూలు అదే కదా?”

“రూలు అదే సార్. కానీ ఆమె చేతికి ఒక్క రూపాయి రాలేదు. కార్డు వేరేవాళ్ళ దగ్గరుంది.”

“మొగుడూ పెళ్ళాల మధ్యకు మనమెందుకు పోవాల?”

“మనం పోలేదు సార్. మన నోటీసు పోయింది.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోపం వచ్చిందని తెలుస్తోంది.

రాజశేఖర్ సార్ చెడ్డవాడు కాదు. లంచం ముట్టుకోలేదు. కింద వాళ్ళను కసురుకోలేదు. కానీ రిటైర్మెంటు దగ్గర పడింది, ఆడిట్ అంటే భయం. భయపడే ఆఫీసరు ఎప్పుడూ తక్కువ గొడవ చేసే మనిషి దగ్గరే వసూలు చేస్తాడు. ఇది నేను ఆయన ఒక్కరి గురించి అనడం లేదు. ఎందరి దగ్గరో చూశాను. అలాంటి బాసుతో వాదించకండి. ఆయన భయానికే ఇంకో దారి చూపండి. నేను చేసింది అంతే. “విచారణ జరిపితే బాధ్యత మీ మీద ఉండదు సార్,” అన్నాను. ఆ మాటకు ఒప్పుకున్నారు.

విచారణ

తిరుపతిలో వద్దని వకీలమ్మ రాసింది. సార్ వేరే మీటింగుకు చిత్తూరు వచ్చిన రోజు, అక్కడి ఆఫీసులో ఒక గదిలో విచారణ పెట్టారు. గదిలో సార్, నేను, వకీలమ్మ, ఎస్తేరు. అంతే.

ఎస్తేరు తెచ్చిన స్టేట్‌మెంటు సార్ చూశారు. ప్రతి నెలా జీతం పడిన మరునాడే తిరుపతిలో డబ్బు తీశారు. మొదటి నెల ఒక్కటే వేరే చోట. మిగతావన్నీ జయపాల్ పని చేసే స్కూలు వీధిలో ఉన్న ఏటీఎం మిషను దగ్గరే.

సార్ ఆమెను అడిగారు. “రాజీనామా ఏమైందని ఒక్కసారైనా కనుక్కోవాల కదమ్మా? ఒక ఫోన్ చేసింటే ఇంత దూరం వచ్చేది కాదు.”

“చేసినా సార్,” అంది ఎస్తేరు. “రెండు సార్లు చేసినా. సంతకం కలవలేదు, నువ్వే రావాల అన్నారు. నేను రాలేను సార్ అని చెప్పినా. రూలు అంతే అని పెట్టేసినారు.” ఆమె సార్ వైపు చూసింది. “ఎందుకు రాలేవు అని మాత్రం ఎవరూ అడగలేదు.”

సార్ స్టేట్‌మెంటును మళ్ళీ చూశారు. అందులో చదవడానికి కొత్తగా ఏమీ లేదు. తర్వాత నా వైపు తిరిగి, “ఈ నెలల బిల్లుల మీద సంతకం నాదే కదా,” అన్నారు.

“మీదే సార్.”

“నేను గూడా పేర్లు చూడకుండానే పెట్టింటాను.”

కాసేపటికి ఎస్తేరును మళ్ళీ అడిగారు. ఈసారి గొంతు వేరుగా ఉంది. “ఈ డబ్బు గురించి నువ్వేమంటావమ్మా?”

“నేను తిన్నదయితే కడతా సార్. ఎగ్గొట్టేదానికి రాలేదు. తినంది కట్టమంటే, అంత సంపాదించే చెయ్యి కాదు సార్ ఇది.” ఆమె చెయ్యి చూపించలేదు. ఒళ్ళోనే ఉంది. సారే చూశారు.

ఆ సాయంత్రమే ఆర్డరు రాయించారు. ఆమె కాగితం ఇచ్చిన రోజు నుంచే రాజీనామా ఆమోదం. ఆమెకు రావాల్సిన సొమ్ములో కోత లేదు. డబ్బు ఎవరు తీశారో వాళ్ళ దగ్గరే వసూలు.

డబ్బు ఎవరు కట్టారు

జయపాల్‌ను సార్ పిలిపించినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

“ఆమే కార్డు ఇచ్చింది సార్, ఇంటి ఖర్చులకు,” అన్నాడు.

“ఆమె ఇంట్లో లేని నెలల్లో గూడా ఇంటి ఖర్చులేనా?”

“భార్య జీతం భర్త తీసుకుంటే నేరమా సార్?”

“రాజీనామా ఇచ్చినాక పడింది జీతం కాదు. గవర్నమెంటు డబ్బు. అది ఉంచుకోవడం తప్పని మొదటి రోజు మీరే నాకు చెప్పినారు.” సార్ గొంతు పెంచలేదు. “కట్టండి. కట్టకపోతే పోలీసులకు రాస్తాను. మీ శాఖకు గూడా రాస్తాను.”

అతను కట్టాడు. ఉద్యోగం పోతుందనే భయం తప్ప అందులో వేరే ఏమీ లేదు. మొదటి నెల డబ్బు మాత్రం తాను తియ్యలేదని చివరిదాకా మొండికేశాడు. నిరూపించడం కుదరలేదు. ఆ నెల మొత్తాన్ని బిల్లు మీద సంతకం పెట్టిన సార్, పేరు తియ్యని గుమాస్తా పంచుకుని కట్టారు. గుమాస్తా నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. సార్ మాత్రం తన వంతు కట్టి, రసీదు ఫైల్లో పెట్టమని నా చేతికిచ్చారు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజే.

చివరి మొత్తం కట్టిన రోజు జయపాల్ నా బల్ల దగ్గర ఆగాడు.

“ఆమె యాడ ఉండాదో మీకు తెలుసు,” అన్నాడు, మెత్తగానే.

“తెలుసు. చెప్పను,” అన్నాను.

అనడమైతే అన్నాను గానీ, తర్వాత చాలా రోజులు ఆఫీసు నుంచి బస్టాండుకు ఒంటరిగా నడవలేదు. తోటివాళ్ళతో కలిసే వెళ్ళేదాన్ని. ఈ ఉద్యోగంలో ఇలాంటి భయం కూడా ఉంటుంది. అకౌంట్స్ అంటే కుర్చీలో కూర్చునే పని అని ఎవరైనా అంటే నమ్మకండి.

చిన్నవాళ్ళకు ఇంకొక మాట. ఒకరి అడ్రసు మనకు కాగితం మీద ఒక గడి. నింపకపోతే ఫైలు ముందుకు పోదు. కానీ ఆ గడిలో ఏం రాస్తున్నారో, ఆ కాపీ ఎవరి చేతికి పోతుందో ఒక్క నిమిషం ఆలోచించండి. ఇంటి నుంచి మనిషి వచ్చి అడిగినా సరే, ఉద్యోగి అడ్రసు ఉద్యోగి అనుమతి లేకుండా ఇవ్వకండి. మర్యాదగా అడిగినవాళ్ళకు అసలే ఇవ్వకండి.

నో డ్యూ సర్టిఫికెట్

అన్నీ తేలాక బాకీ లేదనే సర్టిఫికెట్టూ అనుభవ ధ్రువపత్రమూ తీసుకోవడానికి ఎస్తేరు తిరుపతి వచ్చింది. పోస్టులో వకీలమ్మకు పంపుతానన్నాను. వద్దంది. తానే వస్తానంది. భాగ్యమ్మ ఆమె పక్కనే ఉంది. పాప స్కూల్లో ఉందట. ఊరు మారాల్సిన అవసరం రాలేదు.

సర్టిఫికెట్టు మీద సంతకం కోసం సార్ గదిలోకి పంపితే, ఆయన సంతకం పెట్టి, తానే లేచి మా సెక్షన్‌లోకి వచ్చారు. సెక్షన్లో అందరూ నిలబడ్డారు. ఆయన రిటైర్మెంటుకు ఇంక ఎన్నో రోజులు లేవు. అందరి ముందే అన్నారు.

“ఆ మొదటి నోటీసు ఆ ఇంటికి పంపింది మా తప్పమ్మా. నిన్ను ముందే అడగాల్సింది. ఇంత తిప్పల పెట్టినందుకు ఏమనుకోవద్దు.”

ఒక అధికారి మాజీ ఉద్యోగితో అలా అనడం నేను అంతకుముందు చూడలేదు. తర్వాత కూడా చూడలేదు.

ఎస్తేరు సర్టిఫికెట్టును సంచిలో పెట్టుకుంది.

“తిప్పలు నిజమే సార్,” అంది. “అయితే ఒకటి. పాపకు నాయన లేకుండా చేసినానే, తప్పు చేసినానేమో, ఇంకొంచెం ఓర్చుకోని ఉండాల్సిందేమో అని రోజూ అనుకుంటా ఉంటి. పాపకు గంజి తాగిస్తా ఉండిన నెలల్లో ఆయన నా జీతం తీసుకుంటా ఉండినాడని మీ నోటీసు వల్లనే నాకు తెలిసింది. ఆ రోజు నుంచి అట్ల అనుకోలేదు సార్.”

సార్ తల వంచుకున్నారు. ఆమె మా ఇద్దరికీ నమస్కారం పెట్టి, భాగ్యమ్మను భోజనానికి పిల్చుకుని పోతానని చెప్పి, మెట్లు దిగి వెళ్ళింది.